హరితరేణువు కేంద్రకానికి రాసే ఉత్తరాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరు మారతహళ్ళిలో మా ఇంట్లో ప్రతి ఆదివారం పొద్దున జీవశాస్త్రం క్లాసు జరుగుతుంది. వచ్చేవాళ్ళంతా తెలుగు ఇళ్ళ పిల్లలే. అమ్మానాన్నలది అనంతపురమో, మదనపల్లో, నెల్లూరో. పిల్లలు పెరిగింది మాత్రం ఇక్కడే. బడిలో ఇంగ్లీషు, వీధిలో కన్నడం, ఇంట్లో తెలుగు. కణం పాఠం వచ్చినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు తెలుగులో చెబుతాను. అసలు ప్రశ్నలు అప్పుడే బయటికి వస్తాయి. వాటిలో మళ్ళీ మళ్ళీ వచ్చినవి, మా అపార్ట్‌మెంట్‌లో కుండీలు పెంచుకునేవాళ్ళు అడిగినవి కలిపి ఇక్కడ రాస్తున్నాను. హరితరేణువు అంటే క్లోరోప్లాస్ట్, కేంద్రకం అంటే న్యూక్లియస్. మిగతా మాటలు దారిలో చెప్పుకుందాం.

హరితరేణువు తన పని తాను చేసుకుంటుంది కదా, కేంద్రకంతో దానికి మాటలెందుకు?

ఒంటరిగా చేసుకోలేదు కాబట్టి. ఎండను పట్టి చక్కెర చేసేది అదే, నిజమే. కానీ ఆ పనికి కావలసిన సరంజామా దాదాపు అంతా బయటి నుంచి రావాలి. ఒక హరితరేణువులో సుమారు 3,000 రకాల ప్రోటీన్లు ఉంటాయని అంచనా. తన సొంత డీఎన్ఏతో అది చేసుకోగలిగేవి వంద లోపే. మిగతావన్నీ కేంద్రకంలోని జన్యువుల ప్రకారం బయట కణద్రవ్యంలో తయారై లోపలికి వెళతాయి.

వంట చేసేది ఒకరు, సామాన్ల గది తాళంచెవి ఇంకొకరి దగ్గర. పొయ్యి వెలుగుతోందా, ఏ సరుకు అయిపోయింది, ఇంకెంత కావాలి అన్న కబురు అటూ ఇటూ నడవకపోతే ఆ ఇంట్లో పూట గడవదు.

తాళంచెవి ఇంకొకరి దగ్గరికి ఎలా పోయింది?

వంద కోట్ల ఏళ్ళకు పైగా వెనక్కి వెళ్ళాలి. అప్పట్లో హరితరేణువు విడిగా బతికే సయనోబాక్టీరియా, అంటే ఎండతో తన తిండి తానే చేసుకునే బాక్టీరియా. ఒక పెద్ద కణం దాన్ని మింగింది. అరిగించుకోకుండా లోపలే ఉంచుకుంది. ఈ ఆలోచనను 1905లోనే రష్యా శాస్త్రవేత్త మెరెష్కోవ్‌స్కీ ప్రతిపాదించాడు, ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1967లో లిన్ మార్గులిస్ దాన్ని మళ్ళీ గట్టిగా ముందుకు తెచ్చింది. ఆమె వ్యాసం కూడా ఎన్నో పత్రికలు తిప్పి పంపాకే అచ్చయింది.

లోపల చేరిన ఆ బాక్టీరియా జన్యువుల్లో కొన్ని పోయాయి, చాలావరకు నెమ్మదిగా కేంద్రకంలోకి చేరాయి. విడిగా బతికే సినెకోసిస్టిస్ అనే సయనోబాక్టీరియాలో 3,000 పైచిలుకు జన్యువులు ఉన్నాయి. 1986లో జపాన్ శాస్త్రవేత్తలు పొగాకు హరితరేణువు డీఎన్ఏను మొదటి నుంచి చివరిదాకా చదివితే, అందులో ఉన్నవి నూట ఇరవై, నూట ముప్పై లెక్కలోనే, అవీ అన్నీ ప్రోటీన్లవి కావు. మిగతావాటి ఆచూకీ 2002లో ఒక అంచనాగా వచ్చింది: అరబిడాప్సిస్ అనే మొక్క కేంద్రకంలోని జన్యువుల్లో సుమారు 18 శాతం ఆ పాత సయనోబాక్టీరియా నుంచి వచ్చినవేనని.

ఇదేదో ఎప్పుడో జరిగి ఆగిపోయిన సంగతి అనుకోకండి. 2003లో పొగాకు మీద చేసిన పరిశోధనలో, హరితరేణువులో పెట్టిన ఒక గుర్తు జన్యువు సుమారు 16,000 పుప్పొడి రేణువులకు ఒకదానిలో కేంద్రకంలోకి దూకినట్టు తేలింది. ఈ మాట చెప్పిన రోజు ఒక పిల్లవాడు కిటికీలోంచి మందార పువ్వునే చూస్తూ ఉండిపోయాడు.

కేంద్రకం పంపిన ప్రోటీన్ హరితరేణువుకే చేరుతుందని భరోసా ఏమిటి?

దాని ముందు ఒక చిన్న తోక ఉంటుంది, కొరియర్ కవరు మీద అడ్రస్ లాగా. హరితరేణువు రెండు పొరల మీదా దాన్ని గుర్తుపట్టే ద్వారాలు ఉన్నాయి, బయటి పొర మీదిది టాక్, లోపలి పొర మీదిది టిక్. లోపలికి చేరగానే ఆ తోకను కత్తిరించేస్తారు. కేంద్రకం నుంచి హరితరేణువు వైపు సాగే ఈ అదుపును యాంటెరోగ్రేడ్ అంటారు. హరితరేణువు నుంచి తిరిగి కేంద్రకానికి వెళ్ళే కబురు రెట్రోగ్రేడ్. ఇక్కడి నుంచి మనం మాట్లాడుకునేది ఎక్కువగా ఈ రెండోదాని గురించే.

సగం ఇక్కడ, సగం అక్కడ తయారైతే లెక్క తప్పదా?

తప్పకుండా తప్పుతుంది, కబురు లేకపోతే. రుబిస్కోనే తీసుకోండి. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి చక్కెర దారిలో పెట్టే ఎంజైమ్ అది. మొక్కల్లో దానికి పదహారు ముక్కలు, ఎనిమిది పెద్దవి, ఎనిమిది చిన్నవి. పెద్ద ముక్క జన్యువు హరితరేణువులో ఉంది, చిన్న ముక్క జన్యువు కేంద్రకంలో ఉంది. ఒక ఆకు కణంలో పదుల కొద్దీ హరితరేణువులు, ఒక్కోదానిలో ఆ డీఎన్ఏ నకళ్ళు ఎన్నో. కేంద్రకం మాత్రం ఒక్కటే. అయినా ముక్కలు సరిగ్గా జతపడతాయి.

రుబిస్కో లెక్క తప్పితే సరుకు దండగ, అంతవరకే. పత్రహరితం లెక్క తప్పితే ప్రాణం మీదికి వస్తుంది. పత్రహరితం ఎప్పుడూ ప్రోటీన్‌ను అంటిపెట్టుకుని ఉండాలి. ప్రోటీన్ రాకముందే రంగు తయారైపోతే, ఆ విడి రంగు మీద వెలుతురు పడగానే ఆ శక్తి పక్కనున్న ఆక్సిజన్‌కు అంటుకుంటుంది. అప్పుడు పుట్టేదే సింగ్లెట్ ఆక్సిజన్, తగిలినదాన్నల్లా పాడు చేసేది. రంగు హరితరేణువులో తయారవుతుంది, దాన్ని పట్టుకునే ప్రోటీన్లలో చాలావాటి జన్యువులు కేంద్రకంలో ఉన్నాయి. అందుకే ఈ ఇద్దరి మధ్య మాట ఆగడానికి వీల్లేదు.

హరితరేణువు తిరిగి మాట్లాడుతుందని మొదట ఎలా తెలిసింది?

చారల ఆకు ఉన్న ఒక బార్లీ మొక్క చెప్పింది. దాని పేరు ఆల్బోస్ట్రియాన్స్. ఆకు పొడవునా ఒక పట్టీ ఆకుపచ్చ, ఒక పట్టీ తెలుపు. హరితరేణువునూ, ఇంకా పచ్చబడని దాని రూపాలనూ కలిపి ప్లాస్టిడ్లు అంటారు. తెల్ల పట్టీలోని ప్లాస్టిడ్లలో రైబోజోమ్‌లు లేవు, అంటే అవి సొంతంగా ఒక్క ప్రోటీన్ కూడా చేసుకోలేవు. ఇంతవరకు ఆశ్చర్యం లేదు.

ఆశ్చర్యం తరువాత ఉంది. కేంద్రకం జన్యువులతో బయట తయారై రావలసిన కొన్ని ఎంజైములు కూడా తెల్ల పట్టీలో లేవు. తెల్ల కణాల్లో కేంద్రకానికి విడిగా ఏ రోగమూ లేదు. పక్కనే వేలి వెడల్పు కూడా లేని దూరంలో పచ్చ పట్టీ ఉంది, అదే ఆకు, అవే కేంద్రక జన్యువులు, అక్కడ అన్నీ సక్రమంగా తయారవుతున్నాయి. తేడా ఒక్కటే, లోపలి ప్లాస్టిడ్ పనిచేస్తోందా లేదా. 1979లో బ్రాడ్‌బీర్, ఆయన సహచరులు దీన్ని ప్రచురిస్తూ, ప్లాస్టిడ్ నుంచి ఏదో సంకేతం బయటికి వస్తోంది, అది అందకపోతే కేంద్రకం సరుకు ఆపేస్తోంది అన్నారు. ఆ సంకేతం ఆర్ఎన్ఏ అయి ఉండవచ్చని వాళ్ళ ఊహ. ఆ ఊహ నిలబడలేదు. కబురు నడుస్తోందన్న మాట మాత్రం నిలబడింది.

బోర్డు మీద ఎన్ని బొమ్మలు గీసినా రానిది, ఈ చారల ఆకు గురించి చెబితే వస్తుంది. అంతవరకు కేంద్రకమే యజమాని, మిగతావన్నీ పనివాళ్ళు అనుకున్న పిల్లలు, తెల్ల పట్టీ దగ్గర ఆగి మళ్ళీ అడుగుతారు.

అక్కా, మా మనీ ప్లాంట్ ఆకుల మీద తెల్ల మచ్చలు కూడా ఇవేనా?

మా కింది ఫ్లోర్ ఆవిడ అడిగిన ప్రశ్న. అన్ని మచ్చలకూ ఒకటే కారణం కాదు. కొన్ని మొక్కల్లో జన్యువు లోపం, కొన్నిటిలో వైరస్, కొన్ని బెగోనియాల్లో అయితే ఆకు పొరల కింద గాలి ఉండటం వల్లే తెల్లగా కనబడుతుంది. రంగు లేని చోట మాత్రం కణాల్లో పనిచేసే హరితరేణువులు ఉండవు, ఆ భాగం పక్కనున్న పచ్చ భాగం పెట్టిన తిండి మీదే బతుకుతుంది. అందుకని పూర్తిగా తెల్లగా వచ్చిన కొమ్మ ఎంత అందంగా ఉన్నా, దాన్ని మాత్రమే కత్తిరించి నాటకండి. బతకదు.

గన్ మ్యూటెంట్లు అంటే ఏమిటి? ఈ పేరు ఎక్కడ చదివినా కనిపిస్తోంది.

మ్యూటెంట్ అంటే ఏదో ఒక జన్యువు మారిపోయిన మొక్క. ఈ రంగంలో అన్ని దారులూ గన్ మ్యూటెంట్ల దగ్గరి నుంచే మొదలవుతాయి, కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

నోర్‌ఫ్లూరజాన్ అని ఒక కలుపు మందు ఉంది. అది కెరోటినాయిడ్ల తయారీని ఆపుతుంది. కెరోటినాయిడ్లు పత్రహరితానికి గొడుగు లాంటివి. గొడుగు లేని మొలకను వెలుతురులో పెడితే హరితరేణువులు పాడైపోతాయి, మొలక తెల్లబడుతుంది. వెంటనే కేంద్రకం, వెలుతురును పట్టే ప్రోటీన్ల జన్యువులను ఆపేస్తుంది. ఎందుకు ఆపదు? పొయ్యి కూలిపోయాక కట్టెలు ఎందుకు?

అమెరికాలో శాన్ డియాగో దగ్గర సాల్క్ ఇన్‌స్టిట్యూట్‌లో జోవాన్ చోరీ బృందం ఇక్కడ ఒక చక్కటి ప్రశ్న వేసింది. హరితరేణువు పాడైందన్న కబురు అందని మొక్క ఏదైనా ఉంటుందా? ఉంటే అది ఒళ్ళంతా తెల్లబడినా ఆ జన్యువులను ఆపదు. అలాంటిదాన్ని వేల మొలకల్లో ఎలా పట్టాలి? వెలుతురు పట్టే జన్యువుకు ఉండే స్విచ్‌ను తీసుకుని, దానికి ఒక యాంటీబయాటిక్‌ను తట్టుకునే జన్యువును జోడించారు. స్విచ్ ఆగితే మొక్కకు ఆ యాంటీబయాటిక్ విషం, ఆగకపోతే బతుకుతుంది. మందు పోసిన పళ్ళెంలో తెల్లబడి కూడా బతికి ఉన్నవే వాళ్ళు వెతుకుతున్న మొక్కలు. 1993లో సుసెక్, ఔసుబెల్, చోరీ ఈ ఫలితం ప్రచురించారు. వాటికి జీనోమ్స్ అన్‌కపుల్డ్ అని పేరు, రెండు జన్యు సంపదల మధ్య లంకె తెగినవి అని. ఆ పేరులోని మొదటి అక్షరాల పలుకుబడే గన్. తుపాకీతో దానికి సంబంధం లేదు.

జోవాన్ చోరీ 2024 నవంబరులో కన్నుమూశారు. ఏళ్ళ తరబడి పార్కిన్సన్స్ జబ్బుతోనే ల్యాబ్ నడిపారు. ఆ వారం క్లాసులో పాఠం ఆపి ఆవిడ గురించే చెప్పాను.

మరి ఆ కబురులో ఏముంది? ఏ పదార్థం ఆ ఉత్తరం?

దీనికి రెండు జవాబులు వచ్చాయి, మొదటిది నిలబడలేదు.

గన్ మ్యూటెంట్లకు వరస నంబర్లు ఇచ్చారు. గన్2, 3, 4, 5లలో చెడిన జన్యువులన్నీ ఒకే దారిలో తేలాయి. పత్రహరితం తయారయ్యే దారి అది. ఆ దారి కొంతదూరం ఒక్కటిగా సాగి ప్రోటోపోర్ఫిరిన్ దగ్గర రెండుగా చీలుతుంది. ఆ పదార్థం మధ్యలో మెగ్నీషియం పెడితే పత్రహరితం వైపు, ఇనుము పెడితే హీమ్ వైపు. అవును, మన రక్తాన్ని ఎర్రగా చేసే హీమే. ఆకుపచ్చ రంగూ రక్తపు ఎరుపూ ఒకే దారిలో చివరి మలుపు దగ్గర విడిపోయిన తోబుట్టువులు. ఈ సంగతి నాకు మొదటిసారి తెలిసిన రోజు తోటకూర కడుగుతూ చాలాసేపు ఆ నీళ్ళకేసి చూస్తూ ఉండిపోయాను.

2003లో వచ్చిన జవాబు: మెగ్నీషియం చేరిన మజిలీ పదార్థం పేరుకుపోతే అదే బయటికి వచ్చి కేంద్రకానికి ఫిర్యాదు చేస్తుంది. బాగా కుదిరిన కథ. పుస్తకాల్లోకి ఎక్కింది. 2008లో రెండు బృందాలు విడివిడిగా కొలిచి చూశాయి. ఆ పదార్థం మట్టానికీ, కేంద్రకం జన్యువులు ఆగడానికీ పొంతన కుదరలేదు.

2011లో చోరీ ల్యాబ్ నుంచే గన్6 వచ్చింది. ఇది హీమ్ చేసే ఎంజైమ్ ఎక్కువైన మొక్క. హీమ్ ఎక్కువ తయారైతే కేంద్రకం జన్యువులు పనిచేస్తూనే ఉన్నాయి. అంటే కబురు అర్థమే తిరగబడింది. అది ఫిర్యాదు కాదు, క్షేమ సమాచారం. మన పాత ఉత్తరాలు ఎలా మొదలయ్యేవో గుర్తుందా? ఇచ్చట మేమంతా క్షేమం, అచ్చట మీరంతా క్షేమమని తలుస్తాను. ఊళ్ళో అమ్మకు ఆ కార్డు వస్తున్నంతకాలం దిగులు లేదు. కార్డు రావడం ఆగితే, ఎవరూ ఏమీ చెప్పకుండానే ఆవిడకు అర్థమవుతుంది. బాగున్న హరితరేణువు హీమ్ పంపుతూ ఉంటుంది, అది ఆగితే కేంద్రకం సరుకు ఆపుతుంది అన్నది ఇప్పటి ఆలోచన. ఆ హీమ్ హరితరేణువు గడప దాటి కేంద్రకం దాకా ఎలా వెళుతుందన్నది ఇంకా తేలని విషయం.

గన్1 వీటన్నిటికీ వేరు. అది హరితరేణువులోనే ఉండే ఒక ప్రోటీన్, వేర్వేరు ఇబ్బందుల కబుర్లు అక్కడ కలుస్తాయని 2007లో చెప్పారు. అది హీమ్‌ను పట్టుకుంటుందని 2019లో చూపించారు.

పిల్లలు అడుగుతారు, తప్పని తేలిన జవాబును మాకెందుకు చెప్పడం అని. ఎందుకంటే 2003 నాటి బొమ్మ ఇప్పటికీ చాలా నోట్సుల్లో తిరుగుతోంది. తేదీ చూడకుండా బొమ్మను నమ్మకూడదని నా పిల్లలకు ఈ కథతోనే నేర్పుతాను.

ఎండ ఎక్కువైనప్పుడు కూడా ఇదే కబురు వెళుతుందా?

కాదు. హరితరేణువు తయారవుతున్నప్పుడు నడిచే మాటలు వేరు, తయారై పనిచేస్తున్నప్పుడు రోజూ నడిచే మాటలు వేరు. మొదటివాటిని బయోజెనిక్ అనీ, రెండోవాటిని ఆపరేషనల్ అనీ అంటారు. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీతో మాట్లాడేవి, కాపురం పెట్టాక ఇంట్లో మాట్లాడుకునేవి ఒకటి కాదు కదా.

రోజువారీ మాటల్లో ఒకటి ప్లాస్టోక్వినోన్ ద్వారా వెళుతుంది. హరితరేణువులో ఎలక్ట్రాన్లను ఒక చోట నుంచి ఇంకో చోటికి మోసేది అది. వెలుతురు ఎక్కువైతే మోతగాళ్ళంతా బరువెత్తుకుని నిలబడిపోతారు, దించుకునే చోటు ఉండదు. 1995లో డ్యూనలియెల్లా అనే ఉప్పునీటి శైవలం మీద, వెలుతురు మార్చకుండా మందులతోనే ఈ పరిస్థితి తెచ్చి చూశారు. మోతగాళ్ళు నిండిపోతే కేంద్రకం వెలుతురు పట్టే ప్రోటీన్లు తగ్గించింది, ఖాళీ అయితే పెంచింది. కేంద్రకం ఎండను చూడనక్కరలేదు, బరువు సంగతి తెలిస్తే చాలు.

పోయిన వేసవిలో నేను ఒక పీస్ లిల్లీ కొన్నాను. నర్సరీలో ఆకుపచ్చ వల కింద పెరిగిన మొక్క. తెచ్చిన రోజే పడమటి బాల్కనీలో పెట్టాను. మూడో రోజుకు మధ్య ఆకులు పాత కాగితంలా పాలిపోయాయి, అంచులు గోధుమ రంగుకు తిరిగాయి. నీళ్ళు తక్కువయ్యాయనుకుని ఇంకా పోశాను. నీళ్ళ సమస్య కాదది. నీడలో పెరిగిన ఆకు నిండా వెలుతురు పట్టే ప్రోటీన్లే, గొడుగులు తక్కువ. కబురు వెళ్ళి, జన్యువులు మారి, కొత్త ప్రోటీన్లు తయారవడానికి రోజులు పడుతుంది. ఆ రోజులు నేను ఇవ్వలేదు. ఇప్పుడు కొత్త మొక్క ఏది తెచ్చినా వారం పాటు గుమ్మం లోపల ఉంచి, తరువాత రెండు మూడు రోజులకోసారి అడుగు చొప్పున ఎండ వైపు జరుపుతున్నాను.

హరితరేణువు పాడైతే మొక్క చచ్చిపోతుంది. అందులో కబురు పాత్ర ఏముంది?

అందరూ అలాగే అనుకునేవారు. సింగ్లెట్ ఆక్సిజన్ విషం, విషం తగిలితే కణం కాలిపోతుంది, అంతే అని. జ్యూరిక్‌లో క్లౌస్ ఆపెల్ బృందం ఈ నమ్మకాన్ని కదిలించింది.

వాళ్ళ దగ్గర ఫ్లూ అనే మ్యూటెంట్ ఉంది. చీకట్లో పత్రహరితం తయారీని మధ్యలో ఆపే బ్రేకు దానిలో పనిచేయదు. ఎప్పుడూ వెలుతురులో ఉంచితే హాయిగా పెరుగుతుంది. కొన్ని గంటలు చీకట్లో పెట్టి మళ్ళీ వెలుతురులోకి తెస్తే, పేరుకుపోయిన విడి రంగు నుంచి సింగ్లెట్ ఆక్సిజన్ పుడుతుంది. చిన్న మొలకలు తెల్లబడి చచ్చిపోతాయి, పెద్ద మొక్కలు ఎదగడం మానేస్తాయి.

2004లో వాళ్ళు ఫ్లూలోనే ఇంకో జన్యువు చెడిన మొక్కలను పట్టారు. ఆ జన్యువు పేరు ఎగ్జిక్యూటర్. ఈ మొక్కల్లో సింగ్లెట్ ఆక్సిజన్ అంతే పుడుతోంది, ఏమీ తగ్గలేదు. అయినా మొలకలు చావలేదు. ఎదుగుదల ఆగలేదు. విషమే చంపి ఉంటే ఇవీ చావాలి కదా? విషం పుట్టిందన్న కబురును ఎగ్జిక్యూటర్ ప్రోటీన్ అందుకుని ముందుకు పంపితే, ఆ కబురు విని కణం తన చావును తానే నడిపించుకుంటోంది. ఆ ప్రోటీన్ ఉండేది కూడా హరితరేణువులోనే.

ఎండకు ఎండిపోయింది అని మనం అనే ఆకుల్లో ఎన్ని నిజంగా కాలిపోయాయో, ఎన్ని కబురు విని చాలించుకున్నాయో చూసి చెప్పలేం. విషం మరీ ఎక్కువైతే నేరుగా కూడా చంపుతుంది, అది వేరు. ఈ రంగంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రయోగం ఇదే.

మా తాతగారిది అనంతపురం వేరుశనగ చేను. వాన లేనప్పుడు కూడా హరితరేణువు ఏమైనా చెబుతుందా మేడమ్?

చెబుతుంది. పత్రరంధ్రాలు మూయించే అబ్సిసిక్ ఆమ్లం తయారీలో మొదటి మెట్లు హరితరేణువులోనే ఉన్నాయి. దానికి తోడు పాప్ అనే చిన్న అణువు ఉంది. మామూలు రోజుల్లో సాల్1 అనే ఎంజైమ్ దాన్ని ఎప్పటికప్పుడు చెరిపేస్తూ ఉంటుంది. నీళ్ళు తగ్గి, ఎండ పెరిగి హరితరేణువులో ఆక్సీకరణ ఒత్తిడి పెరిగితే సాల్1 మందగిస్తుంది. పాప్ పేరుకుని కేంద్రకం చేరుతుంది. అక్కడ ఆర్ఎన్ఏను కొరికే ఎంజైములను ఆపుతుంది, కరవును తట్టుకునే జన్యువుల పని పెరుగుతుంది. ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో బారీ పాగ్సన్ బృందం 2011లో దీన్ని వివరించింది. పత్రరంధ్రాలు మూయించడంలో కూడా పాప్ పాత్ర ఉందని 2017లో చూపించారు.

సాల్1 లేని మొక్కలు నీళ్ళు లేకపోయినా ఎక్కువ రోజులు తట్టుకున్నాయి. కానీ వాటి ఆకుల తీరు మారింది, పూత ఆలస్యమైంది. పైగా ఈ పని జరిగింది ఆవాల కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్‌లో. దాని నుంచి చేలోకి రావడం చాలా దూరం. ఆ పిల్లవాడు ఇంటికి వెళ్ళి తాతగారికి ఫోన్ చేసి, చెట్టుకు కూడా కరవు ముందే తెలుస్తుందట తాతా అన్నాడట. అది నాకు ముందే తెలుసురా, ఆకు ముడుచుకోవడం చూడలేదా అన్నారట ఆయన.

కబురు కేంద్రకానికి ఏ దారిలో చేరుతుంది?

ఒకటి కాదు. కొన్ని అణువులు కణద్రవ్యం గుండా వెళతాయి. హైడ్రోజన్ పెరాక్సైడ్ సంగతి మాత్రం ముచ్చటగా ఉంటుంది. ఆకు పై పొర కణాల్లో కొన్ని హరితరేణువులు కేంద్రకానికి ఆనుకునే ఉంటాయి. వెలుతురు ఎక్కువైనప్పుడు అవి కణద్రవ్యంతో పనిలేకుండా పెరాక్సైడ్‌ను నేరుగా కేంద్రకానికి అందిస్తున్నట్టు 2017లో పొగాకు జాతి మొక్కలో చూశారు. గోడ పక్క ఇంటికి కిటికీలోంచి గిన్నె అందించినట్టు. రోగం సోకినప్పుడు హరితరేణువుల నుంచి సన్నటి గొట్టాలు సాగి కేంద్రకాన్ని తాకుతాయని 2015లో కనిపెట్టారు. వాటిని స్ట్రోమ్యూల్స్ అంటారు.

మైటోకాండ్రియాకు కూడా ఇలాంటి సంభాషణ ఉందా?

ఉంది, మనలోనూ ఉంది. కానీ అది ఇంకో పెద్ద కథ.

ఇది నీట్‌లో వస్తుందా?

ఇంత వివరంగా పాఠంలో లేదు. పుస్తకం హరితరేణువుకు సొంత డీఎన్ఏ, 70ఎస్ రైబోజోమ్‌లు ఉన్నాయని చెబుతుంది. అది పాక్షికంగా స్వతంత్రం అని కూడా మీరు బట్టీ పట్టి ఉంటారు. ఆ పాక్షికంగా అన్న ఒక్క మాట వెనుక ఉన్నదే ఇదంతా. దీని కోసం టెన్షన్ పడకండి. పైచదువులో మొక్కల మీద పనిచేయాలని ఉంటే మన ఊళ్ళోనే భారతీయ విజ్ఞాన సంస్థ ఉంది, హెబ్బాళ వైపు వ్యవసాయ విశ్వవిద్యాలయం, దాని ఆవరణలోనే ఎన్‌సీబీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధన కేంద్రం ఉన్నాయి.

ల్యాబ్ లేకుండా ఇంట్లో ఏమైనా చూడొచ్చా?

చూడొచ్చు, పెసలతో. పెళ్ళిళ్ళలో పాలికలు పోస్తారు కదా, మట్టి మూకుళ్ళలో నవధాన్యాలు మొలకెత్తిస్తారు. దేవుడి గదిలో మూల చీకట్లో ఉన్న పాలికల్లో మొలకలు పాలిపోయి పొడుగ్గా సాగడం పెద్దవాళ్ళు చూసే ఉంటారు. అదే పని కాస్త పద్ధతిగా చేయండి.

గుప్పెడు పెసలు రాత్రి నానబెట్టండి. పొద్దున తడి దూది పరిచిన మూడు స్టీలు డబ్బాల్లో వేయండి. ఒకటి కిటికీ దగ్గర మూత లేకుండా, రెండు మూత పెట్టి అల్మరాలో. తడి ఆరకుండా చూసుకోండి, చీకటి డబ్బాలకు నీళ్ళు చల్లేది కూడా రాత్రి లైటు ఆపాకే. ఐదో రోజుకు కిటికీ దగ్గరివి పొట్టిగా, పచ్చగా ఉంటాయి. అల్మరాలోవి తెల్లటి సన్న కాడలతో సాగి, తల కొక్కెంలా వంచుకుని, చిన్న పసుపు ఆకులతో ఉంటాయి. ఆ ఆకుల్లో ఉన్నది ఇంకా హరితరేణువు కాలేదు. పత్రహరితానికి కాస్త ముందు మెట్టు మీద ఆగిన పదార్థంతో, వెలుతురు కోసం ఎదురుచూస్తున్న ప్లాస్టిడ్ అది.

ఇప్పుడు చీకటి డబ్బాల్లో ఒకదాన్ని తీసి మెత్తటి వెలుతురులో పెట్టండి. మిట్ట మధ్యాహ్నపు ఎండలో పెట్టకండి, ఎందుకో ఇంతవరకు చదివినవారికి తెలుసు. వెలుతురు తగలగానే ఆగిన మెట్టు దాటుతుంది, కేంద్రకంలో వందల జన్యువులు మేల్కొంటాయి, లోపల పొరలు కట్టుకోవడం మొదలవుతుంది, సరుకు సరిపోతోందన్న కబురు వెనక్కి వెళుతూ ఉంటుంది. బయటికి మనకు కనిపించేది రంగు మాత్రమే. గంటకోసారి తెల్ల కాగితం వెనుక పెట్టి చూడండి. మొదటి గంటలో ఏమీ తెలియదు. మూడు నాలుగు గంటలకు పసుపులో లేత పచ్చ దిగుతుంది, ముందు ఆకు మీద. కొక్కెం మెల్లగా నిటారుగా లేస్తుంది. మర్నాటికి ఆకు విప్పుకుని ఉంటుంది.

రెండో చీకటి డబ్బాను మాత్రం ఇంకా తెరవకండి. పోలిక చూడటానికి చివరిదాకా అది కావాలి. మా క్లాసులో ఒక అమ్మాయి ఆగలేక మధ్యలో మూత తీసేసింది. ఆ కొద్ది నిమిషాల వెలుతురుకే మర్నాడు ఆ డబ్బాలో కూడా ఆకుల మీద పచ్చ ఛాయ కనిపించింది.